జే-జీ రాత్రికి రాత్రే స్టార్ అయ్యాడా? మార్సీ నుంచి 1998 దాకా

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: "డ్రగ్స్ అమ్ముకునే కుర్రాడు, ఏ లేబులూ (పాటల కంపెనీ) తీసుకోకపోతే సొంతంగా ఆల్బమ్ వేసుకుని ఒక్కసారిగా స్టార్ అయిపోయాడని జే-జీ గురించి అంటారు. నిజంగా అలాగే జరిగిందా? నాకు 24 ఏళ్లు, ర్యాప్ రాస్తాను, ఇప్పటికే ఆలస్యమైందేమోనని టెన్షన్‌గా ఉంది."

సూటిగా చెప్తాను. ఒక్కసారిగా ఏమీ జరగలేదు. అమెరికన్ ర్యాపర్ జే-జీ మొదటి ఆల్బమ్ 1996లో వచ్చేనాటికి అతనికి 26 ఏళ్లు. అప్పటికే ఏడెనిమిదేళ్లుగా వేరేవాళ్ల పాటల్లో, వేరేవాళ్ల స్టేజీల మీద పాడుతూనే ఉన్నాడు. ఆ మొదటి ఆల్బమ్ కూడా అతన్ని స్టార్‌ను చేయలేదు. అసలైన పేరు 1998లో మూడో ఆల్బమ్‌తో వచ్చింది. ఆలస్యం అతనికి అడ్డు కాలేదు. ఆ ఆలస్యంలోనే గొంతు కుదిరింది, చెప్పడానికి బతుకు పోగుపడింది, ఒప్పందం కాగితం చదవడం వచ్చింది. ఇక మీ 24 సంగతి: అదే వయసులో జే-జీ చేతిలో ఒక్క ఆల్బమ్ కూడా లేదు.

నేను చాలా ఏళ్లుగా ర్యాప్ వోకల్స్ రికార్డ్ చేస్తున్నాను. కాబట్టి కథ చెప్తూ మధ్యమధ్యలో రికార్డింగ్ బూత్ వైపు నుంచి నాకు కనిపించేది కూడా చెప్తాను.

అసలు పేరు షాన్ కోరీ కార్టర్. 1969 డిసెంబర్ 4న పుట్టాడు. పెరిగింది న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో, బెడ్‌ఫర్డ్-స్టైవెసెంట్ ప్రాంతంలో ఉన్న మార్సీ హౌసెస్ అనే ప్రభుత్వ గృహ సముదాయంలో. ఆరేసి అంతస్తుల భవనాలు 27, అన్నీ ఒకేలా ఉంటాయి. నలుగురు పిల్లల్లో ఇతనే చిన్నవాడు. దాదాపు 11 ఏళ్ల వయసులో తండ్రి ఇల్లు వదిలి వెళ్లిపోయాడు. అప్పటినుంచి తల్లి గ్లోరియా కార్టర్ ఒక్కతే సంసారం ఈదింది. తండ్రి వెళ్లిపోవడం తన మీద ఎలా పనిచేసిందో జే-జీ తర్వాత చాలాసార్లు చెప్పుకున్నాడు. మళ్లీ ఎవరినీ అంత దగ్గరకు రానివ్వకూడదని గట్టిగా అనుకున్నాడట. ఆ బిగువు అతని పాటల్లో కనిపిస్తుంది. సంతోషం చెప్పినా, భయం చెప్పినా గొంతు పెద్దగా పెరగదు.

చదువులో మందుడేమీ కాదు. ఆరో తరగతిలోనే పన్నెండో తరగతి స్థాయిలో చదవగలిగేవాడినని చెప్పాడు. అప్పటి ఇంగ్లిష్ టీచర్ ఒకసారి పిల్లలందరినీ తన ఇంటికి తీసుకెళ్లిందట. ఆ ఇంట్లో ఫ్రిజ్ తలుపు దగ్గర నొక్కితే నీళ్లు, ఐసు బయటికి వచ్చేవి. అది చూసి నోరెళ్లబెట్టానని పెద్దయ్యాక ఒక ఇంటర్వ్యూలో గుర్తు చేసుకున్నాడు. ఇలా కూడా బతకొచ్చు అని ఆ పిల్లాడికి మొదటిసారి తెలిసింది ఒక ఫ్రిజ్ తలుపు వల్ల. అతని తర్వాతి పాటల్లో వస్తువుల పేర్లు అంత వివరంగా ఎందుకుంటాయని ఎవరైనా అడిగితే నేను ఈ సంగతే చెప్తాను. దాన్ని ఒట్టి డాబు అని కొట్టిపారేసేవాళ్లతో నేను ఏకీభవించను.

ర్యాప్ ఎలా పట్టుకుందంటే, ఒకరోజు మార్సీలోనే పిల్లలు గుండ్రంగా నిలబడ్డారు, మధ్యలో ఒక కుర్రాడు ఆపకుండా ప్రాసలు కట్టి పాడుతున్నాడు. ఎదురుగా ఉన్నవాళ్ల బట్టలు, బూట్లు, ఏది కనిపిస్తే అది పాటలోకి వచ్చేస్తోంది. అది చూసి ఇంటికొచ్చి రాయడం మొదలుపెట్టాడు. గీతలు లేని నోటుబుక్కులో పక్కకీ అడ్డంగానూ, ఖాళీ ఉన్నచోటల్లా రాసేవాడు. వంటింటి బల్ల మీద తాళం వేస్తూ పాడుతుంటే ఇంట్లోవాళ్లకు నిద్ర ఉండేది కాదు. తల్లి విసుక్కోలేదు, ఒక పుట్టినరోజుకి బూమ్‌బాక్స్ కొనిచ్చింది. జాజీ అన్న ముద్దుపేరే తర్వాత జే-జీ అయింది.

జార్జ్ వెస్టింగ్‌హౌస్ హైస్కూల్లో చదివిన రోజుల్లో అదే స్కూల్లో తర్వాత ర్యాపర్‌గా పేరు తెచ్చుకున్న బస్టా రైమ్స్ కూడా ఉన్నాడు. ఇద్దరూ ఎవరెంత వేగంగా పాడగలరో పోటీ పడ్డారనీ, ఆ రోజు తనే ఓడిపోయాననీ బస్టా స్వయంగా చెప్పాడు. వేగానికి మారుపేరైన బస్టా ఇలా అనడం చిన్న విషయం కాదు. బిగ్గీ అని అందరూ పిలిచే ర్యాపర్ నటోరియస్ బీ.ఐ.జీ. కూడా ఆ స్కూలు విద్యార్థే. జే-జీ మాత్రం హైస్కూలు పూర్తి చేయలేదు.

ఇక డ్రగ్స్ సంగతి. 1980ల మధ్యలో న్యూయార్క్ పేదపేటల్లోకి కొకైన్ నుంచి చేసే క్రాక్ అనే మత్తుమందు వచ్చిపడింది. చవకగా దొరికేది, త్వరగా అలవాటయ్యేది. 1986లో అమెరికా ప్రభుత్వం తెచ్చిన చట్టం ప్రకారం 5 గ్రాముల క్రాక్‌తో దొరికితే కనీసం ఐదేళ్ల జైలు పడేది. అదే శిక్ష పౌడర్ కొకైన్‌కి పడాలంటే 500 గ్రాములు ఉండాల్సి వచ్చేది. ఒకే మత్తుమందు రెండు రూపాల మధ్య వంద రెట్ల తేడా. జైళ్లకు వెళ్లింది ఎక్కువగా నల్లజాతి కుర్రాళ్లే. జే-జీ టీనేజీలోనే ఈ పనిలో దిగాడు. బ్రూక్లిన్‌లో, ఆ పక్కనే న్యూజెర్సీ రాష్ట్రంలోని ట్రెంటన్‌లో కూడా అమ్మాడు. ఒకసారి దగ్గర్నుంచి తన మీద కాల్పులు జరిగితే బతికి బయటపడ్డానని చెప్పాడు.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ఈ భాగాన్ని హీరోయిజంగా చదవకండి. అతను పైకి రావడానికి ఇది మెట్టు అనుకునేవాళ్లు నా దగ్గరికి కూడా వస్తుంటారు. చేయని నేరాలు చేసినట్టు రాసుకొస్తారు, రెండో టేక్‌కే దొరికిపోతారు. ఎందుకంటే వాళ్ల వర్సుల్లో (ర్యాప్ చరణాల్లో) తుపాకీ ఉంటుంది గానీ ఆ రాత్రి చలి ఉండదు, తల్లికి ఏం అబద్ధం చెప్పాడో ఉండదు. జే-జీ పాటల్లో ఆ చలి, ఆ అబద్ధం ఉంటాయి. అతనితో పాటు డ్రగ్స్ అమ్ముతూ వీధి మూలల్లో నిలబడ్డ వాళ్లలో ఎంతోమంది జైళ్లకు పోయారు, కొందరు చచ్చిపోయారు. అదృష్టం అనే మాట వాడాలంటే ఇక్కడే వాడాలి. బతికి ఉండటం వరకు అదృష్టం, మిగతాది పని.

ఆ మూలల్లో నిలబడ్డప్పుడే అతనికి ఒక అలవాటు పడింది. వీధిలో ఉండగా ఒక లైను తడుతుంది, నోటుబుక్కు ఇంట్లో ఉంది. మొదట్లో దగ్గర్లోని కొట్టుకి పరిగెత్తి కాగితం సంచి ఒకటి తీసుకుని దాని మీద రాసుకునేవాడు, జేబులో కుక్కుకునేవాడు. సంచులు పెరిగిపోయేసరికి అదీ కుదరక, లైన్లను తలలోనే పెట్టుకుని ఇంటికి వెళ్లేదాకా మోసేవాడు. క్రమంగా మొత్తం వర్సే తలలో కట్టుకోవడం వచ్చేసింది. స్టూడియోలో కాగితం లేకుండా రికార్డ్ చేస్తాడని అందరూ చెప్పుకునేది దీని గురించే.

ఇది నా వృత్తికి దగ్గరి విషయం కాబట్టి కాస్త ఆగి చెప్తాను. ఫోన్ చూస్తూ పాడేవాడిని నేను కళ్లు మూసుకుని కూడా గుర్తుపడతాను. తెర మీద లైను ఎక్కడ విరిగిందో అక్కడే ఊపిరి తీసుకుంటాడు. అర్థం ఇంకా పూర్తి కాకుండానే గొంతు కిందికి దిగిపోతుంది. కళ్లు కింది లైనుకి వెళ్లినప్పుడు తల వంగుతుంది, నోరు మైకు నుంచి అంగుళం పక్కకి జరుగుతుంది, ఆ మాట పలచబడుతుంది. బట్టీ పట్టి పాడేవాడికి ఈ బాధ ఉండదు. ఊపిరి భావం దగ్గర ఆగుతుంది. జే-జీ మొదటి ఆల్బమ్ హెడ్‌ఫోన్స్‌లో వినండి. లైను చివర ఆగాల్సిన చోట ఆగడు, మాటను తాళం దాటించి తర్వాతి లైనులోకి లాక్కెళ్లి అక్కడ వదులుతాడు. కాగితం మీద గీసిన గీతలు అతని మనసులో లేవు, అందుకే కుదిరింది.

అలాగని మీరూ రాయడం మానేయమని కాదు. ర్యాపర్ ఎమినెమ్ కాగితాల మీద కాగితాలు నింపుతాడు, అతనికేం తక్కువ? రాయండి, కానీ బూత్‌లోకి వెళ్లేటప్పుడు కాగితం బయట పెట్టి వెళ్లండి. నా దగ్గరికి వచ్చిన ఒక అబ్బాయి నాలుగు గంటల సెషన్‌లో ఒక్క వర్సు కూడా తేల్చలేకపోయాడు. ఇంటికెళ్లి బట్టీ పట్టి రమ్మన్నాను. తర్వాతి సెషన్‌లో అదే వర్సు మూడు టేకుల్లో అయిపోయింది. పదాలు ఒక్కటీ మారలేదు.

మళ్లీ కథలోకి. మార్సీలోనే ఉండే జాజ్-ఓ అనే ర్యాపర్ జే-జీకి మొదటి గురువు. వయసులో కాస్త పెద్ద. ప్రాసలు ఎలా కట్టాలో, ఊపిరి ఎలా దాచుకోవాలో అతని దగ్గరే నేర్చుకున్నాడు. జాజ్-ఓకి ఈఎమ్ఐ కంపెనీతో ఒప్పందం కుదిరింది. రికార్డింగ్ కోసం లండన్ వెళ్తూ జే-జీని కూడా వెంట తీసుకెళ్లాడు. 1989లో జాజ్-ఓ పాట ఒకటి వచ్చింది, వీడియోలో కుర్రాడు జే-జీ పక్కన కనిపిస్తాడు. యుకలేలే మోగుతూ ఉండే సరదా పాట అది. ఆడలేదు. పాట ఆడకపోయేసరికి కంపెనీ ఆసక్తి కూడా చల్లారింది. నిన్నటిదాకా హడావిడి చేసినవాళ్లు ఒక్క పాట పోగానే మొహం చాటేయడం జే-జీ పక్కనే ఉండి చూశాడు. ఆ అనుభవంతో సంగీత వ్యాపారం మీద మనసు విరిగి మళ్లీ వీధి వ్యాపారానికే వెళ్లిపోయాడు.

చాలామంది ఈ లండన్ ఘట్టాన్ని ఒక్క వాక్యంలో దాటేస్తారు. నా లెక్కలో అతని వ్యాపార బుద్ధికి పునాది ఇక్కడే పడింది. దెబ్బ తగిలింది గురువుకి, పాఠం నేర్చుకుంది శిష్యుడు. ఏ పాట బయటికి వెళ్లాలో, దాన్ని ఎంతకాలం మోయాలో తేల్చేది కళాకారుడు కాడని 20 ఏళ్లు నిండకముందే అర్థమైంది.

ఆ తర్వాత ర్యాపర్ బిగ్ డాడీ కేన్ దగ్గర చేరాడు. కేన్ అప్పట్లో బ్రూక్లిన్‌లో పెద్ద పేరు. అతని టూర్లలో జే-జీ పని ఏమిటంటే, కేన్ బట్టలు మార్చుకోవడానికి లోపలికి వెళ్లినప్పుడు స్టేజీ ఎక్కి జనాన్ని పట్టి ఉంచడం. ఎవరికీ తెలియని కుర్రాడు, జనం వచ్చింది తన కోసం కాదు, చేతిలో ఉన్నది ఆ కాస్త సమయమే. ఇంతకంటే మంచి బడి ఉండదు. 1994లో వచ్చిన కేన్ ఆల్బమ్‌లో ఒక పాటలో అతనికి వర్సు కూడా దొరికింది. దానికి ముందు ఏడాది ఒరిజినల్ ఫ్లేవర్ అనే బృందం పాటలో కూడా పాడాడు.

ఈ రెండు చోట్లా అతని పద్ధతి వింటే ఆశ్చర్యపోతారు. నాలుక మడతపెట్టి, అక్షరాలను ముక్కలు ముక్కలు చేసి ఎక్కడా ఆగని వేగంతో పరిగెత్తిస్తాడు. 90ల మొదట్లో ఆ పద్ధతికి మంచి గిరాకీ ఉండేది. నైపుణ్యం కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది, మనిషి మాత్రం కనిపించడు. రెండు మూడేళ్లలో అతను చేసిన అతి పెద్ద పని వేగం తగ్గించుకోవడం. పరిగెత్తగలిగిన వాడు నడవడానికి ఒప్పుకున్నాడు. వేగంగా పాడేవాళ్లు నా దగ్గరికి వచ్చినప్పుడు నేను అదే వర్సుని తక్కువ టెంపో బీట్ మీద ఒకసారి పాడిస్తాను. లోపల ఏముందో అప్పుడు బయటపడుతుంది. సగంమందికి లోపల చెప్పడానికి ఉంటుంది గానీ ఆ హోరులో వినిపించదు. మిగతా సగం ఇంటికెళ్లి మళ్లీ రాసుకొస్తారు.

ఈ దశలో అతని మీద అందరికంటే ఎక్కువ నమ్మకం పెట్టుకున్నది డీజే క్లార్క్ కెంట్. అట్లాంటిక్ రికార్డ్స్‌లో కొత్తవాళ్లను వెతికే ఉద్యోగం చేసేవాడు. జే-జీని వీధి నుంచి బయటికి లాగడానికి మళ్లీ మళ్లీ ఫోన్లు చేసి, పాటలకి పిలిచి, వెంటపడ్డాడు. కనిపించిన కంపెనీకల్లా అతని గురించి చెప్పాడు. ఎవరూ తీసుకోలేదు. 2024లో క్లార్క్ కెంట్ కన్నుమూసినప్పుడు, జే-జీని ప్రపంచం చూడకముందే చూసినవాడిగా అతన్ని తలుచుకున్నారు. ఇలాంటి మనిషి ఒక్కరు లేకుండా పైకొచ్చిన ర్యాపర్‌ను నేను చూడలేదు.

క్లార్క్ కెంట్ చేసిన ఇంకో మేలు, హార్లెమ్‌కి చెందిన డేమన్ డాష్‌ను పరిచయం చేయడం. డాష్ నోరున్న మనిషి, ఎవరి ఆఫీసులోకైనా దూరి మాట్లాడగలడు. పేడే రికార్డ్స్ అనే చిన్న సంస్థతో సింగిల్ (విడిగా విడుదలయ్యే ఒక్క పాట) ఒప్పందం కుదిరింది. కానీ ప్రచారం తాము కోరుకున్నట్టు జరగలేదని బయటికి వచ్చేశారు. 1995లో జే-జీ, డాష్, కరీమ్ బర్క్ ముగ్గురూ కలిసి రాక్-అ-ఫెల్లా రికార్డ్స్ పెట్టారు. ఆయిల్ కుబేరుడు జాన్ డి. రాక్‌ఫెల్లర్ పేరుని తలపించేలా పెట్టిన పేరు. మాన్‌హాటన్ దిగువన, అద్దె తక్కువని జాన్ స్ట్రీట్‌లో చిన్న ఆఫీసు తీసుకున్నారు. కారు డిక్కీలో రికార్డులు పెట్టుకుని కొట్టు కొట్టుకీ తిరిగి అమ్మారు, క్లబ్బుల్లో డీజేల చేతిలో పెట్టారు. తొలి పెట్టుబడిలో డ్రగ్స్ అమ్మిన వీధి డబ్బు కూడా ఉందని జే-జీ దాచలేదు. దాన్ని నేను మెచ్చుకోను, అలాగని చెప్పకుండా వదిలేస్తే కథ అబద్ధమవుతుంది.

కాబట్టి "ఏ లేబులూ తీసుకోలేదు" అన్నది చాలావరకు నిజమే. అయితే సొంత లేబుల్ పెట్టగానే అంతా ఒంటరిగా చేశారనుకోవద్దు. మొదటి ఆల్బమ్‌ను దేశమంతా కొట్లకు చేర్చడానికి ప్రయారిటీ రికార్డ్స్‌తో పంపిణీ ఒప్పందం చేసుకున్నారు. ఇందులో ఉన్న తేడా మీలాంటివాళ్లు తెలుసుకోవాలి. మామూలు ఒప్పందంలో కంపెనీ అడ్వాన్స్ ఇస్తుంది, రికార్డింగులు కంపెనీవే అవుతాయి. కళాకారుడి రాయల్టీ నుంచి ఆ అడ్వాన్స్ తిరిగి వసూలు అయ్యేదాకా చేతికి రూపాయి రాదు. పంపిణీ ఒప్పందంలో అయితే సరుకు మీది, చేరవేసినందుకు వాళ్లు తమ వాటా తీసుకుంటారు. అడ్వాన్స్ తక్కువ ఉంటుంది, రిస్కు మీది, మిగిలితే అదీ మీదే. నేను రికార్డ్ చేసిన ఒక కుర్రాడు అడ్వాన్స్ అంకె ఒక్కటి చూసి ఒక కంపెనీ కాగితం మీద సంతకం పెట్టేశాడు. పాట బాగానే ఆడింది. ఆ పాటను స్టేజీ మీద ట్రాక్‌తో పాడుకోవడానికి కూడా ఇప్పుడు వాళ్ల అనుమతి అడగాలి.

మొదటి ఆల్బమ్ 'రీజనబుల్ డౌట్' 1996 జూన్ 25న వచ్చింది. మాన్‌హాటన్‌లోని డి అండ్ డి స్టూడియోలో చాలా భాగం రికార్డ్ అయింది. బీట్లు చేసినవాళ్లలో డీజే ప్రీమియర్, స్కీ, క్లార్క్ కెంట్ ఉన్నారు. మేరీ జే బ్లైజ్ ఒక పాటలో పాడింది. బిగ్గీతో కలిసి చేసిన పాట గురించి క్లార్క్ కెంట్ చెప్పిన సంగతి నాకు చాలా ఇష్టం. బల్ల మీద కాగితం, కలం ఉన్నాయి. జే-జీ వాటిని బిగ్గీ వైపు జరిపాడు. బిగ్గీ తిరిగి జే-జీ వైపు జరిపాడు. ఇద్దరికీ అవి అక్కర్లేదని అప్పుడు తేలింది. జే-జీ లోపలికి వెళ్లి బిగ్గీ కోసం ఖాళీలు వదులుతూ తన భాగం చెప్పేశాడు. బిగ్గీ మాత్రం ఇంటికెళ్లి ఆలోచించుకుంటానని, తర్వాతెప్పుడో వచ్చి తన భాగం పూర్తి చేశాడు. అంత పెద్ద పేరున్న మనిషి ఆ రోజే చెప్పేయాలని పంతం పట్టకపోవడం చూడండి.

ఇప్పుడు అందరూ గొప్ప అంటున్న ఈ ఆల్బమ్ అప్పుడు అమెరికా ఆల్బమ్‌ల ర్యాంకుల పట్టిక అయిన బిల్‌బోర్డ్ 200 చార్టులో 23వ స్థానం దాకానే వెళ్లింది. అంతకుముందు ఫాక్సీ బ్రౌన్‌తో చేసిన సింగిల్ క్లబ్బుల్లో, రేడియోలో బాగా మోగింది కాబట్టి ఆ మాత్రమైనా వచ్చింది. ఆల్బమ్‌కి ప్లాటినం (పది లక్షల కాపీల) గుర్తింపు దక్కింది 2002లో. ఒక్క ఆల్బమ్ చేసి పాడటం ఆపేసి, కంపెనీ చూసుకోవాలని అప్పట్లో అతని ఆలోచన. అంటే తనకున్నదంతా అందులో పెట్టేశాడు. పశ్చాత్తాపం, అనుమానం, డబ్బు మీద ఆశ, స్నేహితుల మధ్య పుట్టే విషం, అన్నీ ఉన్నాయి. 20 ఏళ్ల కుర్రాడు రాయగలిగిన ఆల్బమ్ కాదది.

1997 మార్చి 9న లాస్ ఏంజెలెస్‌లో బిగ్గీ హత్య జరిగింది. స్నేహితుడు పోయాడు, న్యూయార్క్ ర్యాప్‌కి పెద్దదిక్కు లేకుండా పోయింది. ఆ ఏడాదే డెఫ్ జామ్ అనే రికార్డు సంస్థ రాక్-అ-ఫెల్లాలో సగం వాటా తీసుకుంది. నవంబర్‌లో రెండో ఆల్బమ్ వచ్చింది. చార్టులో 3వ స్థానంతో మొదలైంది. అంకెల్లో ఇది ముందడుగే. కానీ ర్యాపర్, నిర్మాత పఫ్ డాడీ బృందం చేసిన తళుకుబెళుకుల బీట్లు కొన్ని అతని గొంతుకు అతకలేదు, రేడియో కోసం చేసినట్టు తెలిసిపోతుంది. ఈ ఆల్బమ్ మీద తనకూ అసంతృప్తి ఉందని జే-జీ తర్వాత చెప్పాడు. మెయిన్‌స్ట్రీమ్ తలుపు తట్టిన మొదటిసారి అది సగమే తెరుచుకుంది.

పూర్తిగా తెరిచింది 1998లో 'హార్డ్ నాక్ లైఫ్' అనే ఒక్క పాట. పఫ్ డాడీ టూర్లో జే-జీ కూడా ఉన్నాడు. అక్కడ డీజే కిడ్ కాప్రి ఒక బీట్ వేశాడు. చిన్నపిల్లలు కోరస్‌గా పాడుతుంటే కింద బరువైన డ్రమ్స్. 1977లో న్యూయార్క్ నాటకశాలల కేంద్రమైన బ్రాడ్‌వేకి వచ్చిన 'యానీ' అనే సంగీత నాటకంలో అనాథాశ్రమం పిల్లలు తమ కష్టాలు చెప్పుకునే పాట అది. దాన్ని శాంపిల్ చేసి (ఆ పాత రికార్డులోంచి ముక్క తీసుకుని) బీట్ కట్టింది డీజే మార్క్ ది 45 కింగ్. జే-జీ అక్కడికక్కడే అది ఎవరిదని అడిగి, వెతికి పట్టుకున్నాడు.

ఇది ఎందుకు పేలిందో నా మాటల్లో చెప్తాను. ఆ పిల్లల కోరస్ అమెరికాలో తెల్లవాళ్ల ఇళ్లలో అమ్మలకి, అమ్మమ్మలకి కూడా తెలుసు. వర్సుల్లో ఉన్నది మార్సీ. జే-జీ తన మాటల్ని పలచన చేయలేదు, యాసను మార్చలేదు. అందరికీ తెలిసిన దారిని హుక్‌లో (మళ్లీ మళ్లీ వచ్చే పల్లవిలో) పెట్టి, ఆ దారిన వచ్చినవాళ్లకి తన వీధి చూపించాడు. రెండో ఆల్బమ్‌లో తనే రేడియో వైపు నడిచాడు, ఇక్కడ రేడియోనే మార్సీకి రప్పించాడు. అనాథ పిల్లల కష్టానికీ తన పేట పిల్లల కష్టానికీ ఉన్న పోలికను అతను ముందే పట్టుకున్నాడు కాబట్టి అది గిమ్మిక్కుగా అనిపించదు. హక్కుదారుల అనుమతి కోసం ఉత్తరం రాస్తూ, చిన్నప్పుడు వ్యాసరచన పోటీలో గెలిచి బ్రాడ్‌వేలో ఆ నాటకం చూశానని కల్పించి రాసినట్టు తర్వాత తన పుస్తకంలో ఒప్పుకున్నాడు. అనుమతి వచ్చింది. మీరు మాత్రం ఆ పని చేయకండి. శాంపిల్ వాడితే ఉన్నది ఉన్నట్టు రాసి అడగండి, లేదా ఆ రాగాన్ని వదిలేయండి.

ఆల్బమ్ 'వాల్యూమ్ 2... హార్డ్ నాక్ లైఫ్' 1998 సెప్టెంబర్ 29న విడుదలై నేరుగా మొదటి స్థానంలో దిగింది, ఐదు వారాలు అక్కడే ఉంది. అమెరికాలోనే 50 లక్షల కాపీల గుర్తింపు వచ్చింది. ఆ సింగిల్ అమెరికా పాటల చార్టు హాట్ 100లో 15వ స్థానానికి, బ్రిటన్‌లో 2వ స్థానానికి వెళ్లింది. అదే ఏడాది ఒక హాలీవుడ్ సినిమా కోసం ఆమిల్, జా రూల్‌తో చేసిన పాట కూడా బాగా ఆడింది. 1999 ఫిబ్రవరిలో ఉత్తమ ర్యాప్ ఆల్బమ్‌గా గ్రామీ వచ్చింది. ర్యాపర్ డీఎమ్ఎక్స్‌కి నామినేషన్ ఇవ్వలేదన్న కోపంతో జే-జీ ఆ వేడుకకి వెళ్లలేదు. ఆ ఏడాదే డీఎమ్ఎక్స్, మెథడ్ మ్యాన్, రెడ్‌మ్యాన్‌లతో కలిసి దేశమంతా పెద్ద పెద్ద హాళ్లలో టూర్ చేశాడు. ర్యాప్ టూర్ అంటే గొడవలు అవుతాయని హాళ్ల యజమానులు వెనకాడే రోజులవి. ఇది సాఫీగా సాగింది. ఆ తర్వాత సంగతులు మీకు తెలిసే ఉంటాయి, వాటి జోలికి పోను. ఒక్కటి చెప్తాను, మీ ప్రశ్నకు పనికొస్తుంది కాబట్టి. 2004లో డెఫ్ జామ్ రాక్-అ-ఫెల్లాలో మిగతా సగం కూడా కొనేసింది, జే-జీ అదే డెఫ్ జామ్‌కి అధ్యక్షుడయ్యాడు. ఆ ఒప్పందంలో తన పాత మాస్టర్ రికార్డింగులు (పాటల అసలు రికార్డింగులు, వాటి హక్కు) కొన్నేళ్లకి తనకే తిరిగి వచ్చేలా రాయించుకున్నాడు. డాష్, బర్క్‌లతో దారులు మాత్రం అక్కడ విడిపోయాయి. స్నేహం మీద నడిచే కంపెనీ పెట్టాలనుకునేవాళ్లు ఈ ముక్క కూడా చదవాలి.

మీకు నేను చెప్పేది ఇదీ. వయసు గురించి టెన్షన్ పడటం మానేసి, రెండు విషయాలు చూసుకోండి. మీ వర్సుని కాగితం లేకుండా, బీట్ లేకుండా, మామూలుగా మాట్లాడుతున్నట్టు ఎదుటి మనిషికి చెప్పగలరా? చెప్తే అతను మధ్యలో ఫోన్ చూసుకోకుండా వింటాడా? వింటే పాట సిద్ధంగా ఉన్నట్టే. రెండోది, మీ పాత పాటల హక్కులు ఎవరి పేరు మీద ఉన్నాయో, బీట్ చేసిన వాడితో రాతపూర్వకంగా ఏం ఒప్పుకున్నారో ఈ వారమే తేల్చుకోండి. పాట ఆడాక ఈ మాటలు మొదలుపెడితే గొడవలే.

వినాలనుకుంటే ఈ వరుసలో వినండి: 1989లో జాజ్-ఓతో చేసినది, 1993లో ఒరిజినల్ ఫ్లేవర్‌తో పాడినది, తర్వాత 1996 ఆల్బమ్ మొత్తం, 1997 ఆల్బమ్‌లోంచి రెండు మూడు పాటలు, చివరగా 1998ది. ఒక్కోసారి ఒక్క విషయం మీదే చెవి పెట్టండి. మొదటిసారి వేగం, రెండోసారి ఊపిరి ఎక్కడ తీసుకుంటున్నాడో, మూడోసారి లైను చివరి మాట తాళానికి ముందు పడుతోందా వెనక పడుతోందా. 1993కి, 1996కి మధ్య ఆ చివరి మాట ఎంత వెనక్కి జరిగిందో పట్టుకుంటే, మీ సొంత వర్సు ఒకటి రికార్డ్ చేసి ఇక్కడే పెట్టండి, విని చెప్తాను.